పారుకోకుండానే ప్రాణం తీసే నట్టలు

వనపర్తి: తొలకరి జల్లులకు పచ్చిక మొలవగానే గొర్రెల మందలు చెరువు శిఖం భూముల వైపు మళ్లుతాయి. వేసవి అంతా ఎండు గడ్డి ఏరుకుని తిన్న జీవాలు కడుపారా మేస్తాయి. కాపరికి అంతకన్నా కావలసిందేముంది? అయితే ఆ పచ్చికతోపాటే నట్టలూ కడుపులోకి చేరుతాయి. మేత సమృద్ధిగా ఉన్న ఈ నెలల్లోనే ఒకటీ అరా గొర్రెలు కారణం తెలియకుండా నేలకొరుగుతుంటాయి. పారుకోలేదు, మేత మానలేదు, మరెందుకు చచ్చిందని కాపరులు వాపోతుంటారు.

మోసమంతా ఆ పారుకోకపోవడంలోనే ఉంది. కార్జపు జలగలు, పొట్ట జలగలు, బద్దె పురుగులు వంటివి ఎన్ని ఉన్నా వానాకాలంలో మందలను ఎక్కువగా దెబ్బతీసేది నాలుగో పొట్టలో చేరి రక్తం పీల్చే హీమాంకస్ అనే పురుగు. చనిపోయిన జీవం పొట్ట కోసి చూస్తే ఎరుపు, తెలుపు దారాలు పేనినట్లు అంగుళం పొడవున ఇవి కనిపిస్తాయి. ఒక్కో పురుగు రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తం హరిస్తుంది. వెయ్యి పురుగులు చేరితే 50 మిల్లీలీటర్లు! 20 కిలోల గొర్రె ఒంట్లో ఉండే రక్తమే లీటరున్నరకు మించదు.

ఆడ పురుగు రోజుకు 5 వేలకు పైగా గుడ్లు పెడుతుంది. పెంటికలతో బయటపడిన గుడ్లు తడి, వెచ్చదనం దొరికితే వారం రోజుల్లో పిల్ల పురుగులై, మంచుకు తడిసిన గడ్డి పరకల పైకి పాకుతాయి. తెల్లవారకముందే మందను తోలితే వీటిని చేతులారా తినిపించినట్లే. ఎండ పొడ వచ్చి మంచు ఆరాక మేపడం శ్రేయస్కరం.

రెప్ప తిప్పి చూడాలి

కింది కనురెప్పను లాగి చూస్తే రక్తం ఏపాటి ఉందో తెలుస్తుంది. ఎర్రగా ఉంటే భయం లేదు. తెల్లగా పాలిపోతే వెంటనే మందు పట్టాలి. దవడ కింద నీరు చేరి సంచిలా వేలాడితే వ్యాధి ముదిరినట్లే. దక్షిణాఫ్రికా పశువైద్యులు ఇందుకోసమే ఐదు రంగుల పట్టికను రూపొందించారు. కార్జపు జలగలు సోకినా రెప్ప పాలిపోతుంది కనుక పెంటికలను పశువైద్యశాలలో పరీక్ష చేయించడం తప్పనిసరి.

మందు పనిచేయడం లేదన్న ఫిర్యాదులో నిజం లేకపోలేదు. ఏళ్ల తరబడి ఒకే రకం మందు వాడితే దానికి లొంగని పురుగులే మిగిలి సంతతిని పెంచుకుంటాయి. ఆల్బెండజోల్ మాని ఫెన్‌బెండజోల్ కొన్నంత మాత్రాన మందు మారినట్లు కాదు, రెండూ ఒకే వర్గానికి చెందినవే. వంద జీవాలకు కొన్న సీసాను నూటయాభైకి సర్దడం మరీ చేటు. తూకం చూడకుండా తక్కువ పోస్తే పురుగు చావదు సరికదా, రాటుదేలుతుంది. మేక శరీరం ఈ వర్గం మందులను త్వరగా విసర్జిస్తుంది గనుక గొర్రె మోతాదు దానికి చాలదు. చూడి కట్టిన తొలి నెలలో ఆల్బెండజోల్ పట్టరాదు. ఈ రెండు విషయాల్లోనూ దుకాణదారుడిని కాక పశువైద్యుడిని అడగాలి.

పశుసంవర్ధక శాఖ శిబిరంలో తాగించిన మందు పేరు, తేదీ రాసిపెట్టుకుంటే దుకాణంలో మళ్లీ అదే కొనే అవసరం తప్పుతుంది. మందు పట్టిన రెండు వారాలకు మరోసారి పెంటికలు పరీక్షిస్తే అది పనిచేసిందో లేదో గుడ్ల సంఖ్యే చెబుతుంది.