నీరు ఎంత ఉప్పును దాచుకోగలదు?

ఉప్పు నీటిలో కరుగుతుందని అందరికీ తెలుసు. ఎంతవరకు కరుగుతుందో మాత్రం తూచి చూసినవారు తక్కువ. మేము మా మద్రసా విద్యార్థులచేత తూయించి చూశాము. 100 మిల్లీలీటర్ల నీటిలో శుద్ధమైన ఉప్పును కొద్దికొద్దిగా వేసి కలుపుతూ పోతే 30 గ్రాముల వద్ద కూడా నీరు తేటగానే ఉంటుంది. సుమారు 36 గ్రాములు దాటిన తరువాత వేసినది ఎంత త్రిప్పినా అడుగున నిలిచిపోతుంది. దీనినే సంతృప్త ద్రావణం అంటారు. మరగబెట్టినా పెద్దగా లాభం లేదు, 39 గ్రాములతో ఆగుతుంది. సురేకారం తీరు వేరు: 20 డిగ్రీల వద్ద 32 గ్రాములే కరిగేది, మరిగే నీటిలో 240 గ్రాములకు పైగా కరుగుతుంది.

ఇక ఇంటి సంగతి. లీటరు నీరు సుమారు 360 గ్రాముల ఉప్పును ఇముడ్చుకోగలదు. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. విరేచనాలతో నీరసించిన బిడ్డకు ఇచ్చే ఓఆర్‌ఎస్‌లో లీటరుకు ఉండే సాధారణ ఉప్పు 2.6 గ్రాములు మాత్రమే. మూడింటినీ మూడు గ్లాసులలో పోసి ఉంచితే కంటికి భేదం కానరాదు. కరిగిపోయింది కదా అని దాదీ మరో చెంచా వేస్తే నీరు అభ్యంతరం చెప్పదు, బిడ్డ దేహమే చెబుతుంది. రక్తంలో ఉప్పు హెచ్చినప్పుడు కణాలలోని నీరు బయటికి లాగబడుతుంది, మెదడు దెబ్బతిని మూర్ఛలు కూడా రావచ్చు.

బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980 నుండి పదేళ్లపాటు కోటికి పైగా ఇళ్లకు వెళ్లి తల్లులకు నేర్పినది ఈ కొలతనే: అరసేరు నీటికి మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం. తల్లి ఎంత బాగా నేర్చుకున్నదో పరీక్షించి, దానిని బట్టే నేర్పిన స్త్రీకి ప్రతిఫలం ఇచ్చేవారు. ఇంతకన్నా న్యాయమైన బోధనా జీతాన్ని మేము ఎరుగము!

నేడు ప్యాకెట్లు దొరుకుతున్నాయి. ప్యాకెట్ మొత్తాన్ని, దానిపై వ్రాసిన కొలత నీటిలోనే కలపాలి. సగం పొడి ఒక గ్లాసుకు, సగం రేపటికి అనడం తగదు. ప్యాకెట్ అందుబాటులో లేనప్పుడు, కాచి చల్లార్చిన లీటరు నీటికి అర టీచెంచా ఉప్పు, ఆరు టీచెంచాల చక్కెర, అన్నీ తలకొట్టిన కొలతతో. బిడ్డకు పట్టే ముందు తల్లి రుచి చూడాలి. కన్నీటికన్నా ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపాలి.