షుగర్‌కు ఫోను సాయం.. మెసేజ్ కన్నా మాట మేలు

దేవనహళ్ళి: ‘మాత్ర వేసుకున్నారా?’ అని ఫోనుకు మెసేజ్ వస్తుంది. అవ్వకు చదవడం రాదు. కన్నడ బడిలో చదివిన మనవడికి తెలుగు మాట్లాడడం వచ్చు గానీ అక్షరాలు కూడబలుక్కోవాలి. ఇంగ్లిష్‌లో వస్తే సరేసరి, బ్యాంకువాళ్ళదనుకుని తుడిచేస్తారు. హిందూపురం దాటి ఇటు దేవనహళ్ళి దాకా తెలుగిళ్ళలో ఫోను వైద్యం చిక్కుపడేది ఇక్కడే.

షుగర్ ఉన్నవారు డాక్టరు ముందు కూర్చునేది నెలకో పది నిమిషాలు. మిగతా రోజులన్నీ ఎవరి వైద్యం వారిదే. దేశంలో ఇలాంటివారు 10 కోట్లు దాటారని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చింది. ఇంతమందికి రోజూ చెప్పేదెవరు? అందుకే అందరి చూపు ఫోను మీద పడింది.

మెసేజ్ పనిచేసిందా?

కొంత పనిచేసింది. చెన్నైకి చెందిన డాక్టర్ ఎ.రామచంద్రన్ బృందం షుగర్ అంచున ఉన్న 537 మంది మగవారిని రెండేళ్ళు గమనించి 2013లో ఫలితం ప్రకటించింది. మెసేజ్‌లు అందినవారిలో నూటికి 18 మందికి షుగర్ వస్తే, అందనివారిలో 27 మందికి వచ్చింది. 2016లో కేంద్రం ‘ఎం-డయాబెటిస్’ తెచ్చింది. మిస్డ్ కాల్ ఇస్తే జాగ్రత్తలు ఫోనుకే వచ్చేవి.

రోగం వచ్చేసినవారి సంగతి వేరు. కర్ణాటక, హర్యానాల్లో 40 సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ‘ఎంవెల్‌కేర్’ను పరీక్షించారు. నర్సు చేతిలో ట్యాబ్, రోగి ఫోనుకు మెసేజ్. షుగర్, బీపీ తగ్గాయి. తీరా 2019లో ఫలితం చూస్తే ట్యాబ్ లేని కేంద్రాల్లోనూ అంతే తగ్గాయి! అక్కడా సిబ్బందికి శిక్షణ ఇచ్చారు మరి. పట్టించుకునే మనిషి ఉంటే సగం పని అయినట్టే.

రాగిముద్దకు లెక్కేది?

‘రాగి షుగర్‌కు మంచిదే కదా’ అని రెండు ముద్దలు లాగించేవారు మన వైపు ఎందరో. రాగిలో పీచు ఎక్కువే, కానీ పిండిపదార్థమూ ఉంది. ఎక్కువ తింటే షుగర్ పెరగక తప్పదు. ‘తృణధాన్యాలు మితంగా భుజించండి’ అని మెసేజ్ పంపితే ఎవరికెక్కుతుంది? ముద్ద చిన్నది చెయ్, బస్సారులో ఆకు ఎక్కువ వెయ్, చక్కోతను రసం తీయకుండా తొనలే తిను అంటే తలకెక్కుతుంది.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది షుగర్ పడిపోవడం గురించి. చెమట, వణుకు వచ్చి మిషన్‌లో 70 కన్నా తక్కువ చూపిస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగాలి. 15 నిమిషాలకు మళ్ళీ చూసుకోవాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోను చేయాలి. ఏ యాప్ చెప్పినా మాత్రల మోతాదు మాత్రం డాక్టరును అడగకుండా మార్చవద్దు.

ఖరీదైన యాప్ లేకపోయినా ఫోను పనికొస్తుంది. మిషన్‌లో అంకె ఫొటో తీసి ఉంచుకుంటే డాక్టరుకు చూపించడానికి అదే చీటీ.

మా అమ్మ అలారం మోతకు లేచేది కాదు. ‘అమ్మా, మాత్ర’ అని నా గొంతే రికార్డు చేసి పెట్టాను. మొదటి వారం ‘వేసుకుంటున్నా లేరా’ అని ఫోనుకు బదులు కూడా చెప్పింది. మొన్న పక్కింటి అవ్వ, బెంగళూరులో ఉన్న కొడుకు గొంతు పెట్టిమ్మని తన ఫోను తెచ్చింది.