పూసకు చిక్కే ఫాస్ఫేట్

కణంలో ఒక ప్రొటీన్ ఎంత ఉందో తెలిస్తే చాలదు, ఏ స్థితిలో ఉందో తెలియాలి. ఆ స్థితిని మార్చేవాటిలో ఫాస్ఫేట్ ఒకటి. ప్రొటీన్లలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి అది అతుక్కుంటుందని 1979లో అమెరికాలోని సాల్క్ సంస్థలో టోనీ హంటర్ కనిపెట్టారు. మామూలు కణాల్లో ఫాస్ఫేట్ తగిలిన అమైనో ఆమ్లాలన్నిటిలో ఈ టైరోసిన్ రకం వాటా 0.1 శాతం కూడా ఉండదు. రౌస్ సార్కోమా వైరస్ క్యాన్సర్‌గా మార్చిన కణాల్లో అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇంత అరుదైనదాన్ని ముందు పోగుచేయాలి. అందుకే దాన్ని గుర్తుపట్టే యాంటీబాడీలను సన్నని అయస్కాంత పూసలకు తొడిగి, కణాలను ఛేదించి తీసిన ద్రావణంలో కలుపుతారు. గొట్టం పక్కన అయస్కాంతం పెట్టగానే పూసలు గోడకు చేరతాయి, మిగతాది కడిగేస్తారు. ఇదంతా చల్లగా, ఫాస్ఫేట్‌ను తొలగించే ఎంజైములను అడ్డుకుంటూ జరగాలి. లేకుంటే వెతుకుతున్న గుర్తే చెరిగిపోతుంది.

పూసకు అంటుకున్నదల్లా మార్పు చెందిన ప్రొటీనేనా? ఈ సందేహం న్యాయమైనదే. కొన్ని ఉత్త పూసకే అంటుకుంటాయి, కొన్ని తోటి ప్రొటీన్‌ను పట్టుకుని వస్తాయి. కాబట్టి సంబంధం లేని యాంటీబాడీ తొడిగిన పూసలతో పోల్చాలి. ఫాస్ఫేట్‌ను ముందే తీసేసిన నమూనాలో సంకేతం మాయమవ్వాలి. ఈ రెండూ లేని ఫలితాన్ని నేను ఆధారంగా ఒప్పుకోను. అణువుల ద్రవ్యరాశిని కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ ఉండగా పూసలెందుకని అడగవచ్చు. ఫాస్ఫేట్ ఏ స్థానంలో ఉందో తేల్చేది ఆ యంత్రమే, నిజమే. కానీ పుష్కలంగా ఉన్న ప్రొటీన్ల మధ్య అరుదైనవి దాని కంటికీ తేలిగ్గా ఆనవు.