రాతిలో దాగిన ఫాస్ఫేటు

ఉప్పునీటి తొట్టెలో పగడాలను పెంచేవారికి పెద్ద శత్రువు ఫాస్ఫేటు. చేపలు తినగా మిగిలిన మేత కుళ్ళి అది పుడుతుంది. నాచుకు అది ఎరువే. కాని పగడం కాల్షియం కార్బొనేటుతో అస్థిపంజరం కట్టుకోవడానికి అది అడ్డు తగులుతుంది.

మరి నీరు మార్చితే చాలదా? చాలదు. తొట్టెలోని పగడపు రాయి కూడా కాల్షియం కార్బొనేటే. నీటిలో ఫాస్ఫేటు ఎక్కువైతే అది రాతిని అంటిపెట్టుకుంటుంది. దీనినే అధిశోషణం అంటారు. కొత్త నీరు పోయగానే రాతిలోని ఫాస్ఫేటు తిరిగి నీటిలోకి వస్తుంది!

అందుకే నీటిని ఐరన్ ఆక్సైడు గుళికల గుండా పంపుతారు. ఫాస్ఫేటు వాటికి అంటుకుంటుంది. రాయి ఖాళీ అయ్యేదాకా, గుళికలు మారుస్తూ, వారాల తరబడి ఇలా చేయాలి. అయితే పూర్తిగా సున్నకు దించరాదు. పగడం ఒంట్లో ఉండి దానికి ఆహారం అందించే సూక్ష్మ శైవలాలకు రవ్వంత ఫాస్ఫేటు అవసరమే. అన్నిటికంటె మేలైన ఉపాయం, మేత మితంగా వేయడమే.