4కె వీడియోకి ఏ గ్రాఫిక్స్ కార్డు కొనాలి? డబ్బులు పెట్టే ముందు ఇవి చూసుకోండి

మామిడి సీజన్ లెక్కలు తేలాక మన నూజివీడు వైపు చాలామంది ఇంటికి 4కె టీవీ తెచ్చుకుని, పాత కంప్యూటర్‌ని దానికి కలుపుతారు. తర్వాత నాకు వచ్చే ప్రశ్న ఒకటే. "అన్నా, వీడియో ఆగి ఆగి వస్తోంది, ఏ కార్డు కొనమంటావు?" షాపులో అడిగితే గేమింగ్ కార్డు చూపిస్తారు, దాని రేటు టీవీ రేటంత ఉంటుంది. కేవలం వీడియో చూడ్డానికైతే అంత ఖర్చు అక్కర్లేదు. ఎందుకో చూద్దాం.

4కె అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు. మొత్తం దాదాపు 83 లక్షలు, అంటే ఫుల్ హెచ్‌డీకి నాలుగు రెట్లు. అంత డేటా అలాగే పంపలేరు కాబట్టి కుదించి పంపుతారు. ఆ కుదించే పద్ధతినే కోడెక్ అంటాం. దాన్ని విప్పడానికి గ్రాఫిక్స్ చిప్‌లో డీకోడర్ అని ఒక చిన్న భాగం విడిగా ఉంటుంది. గేమ్స్ ఆడించే కోర్లు వేరు, ఇది వేరు. మీ వీడియో కోడెక్ ఆ డీకోడర్‌కి తెలియకపోతే పని మొత్తం ప్రాసెసర్ మీద పడుతుంది. ఆగిపోయేది అక్కడే.

మొదటిది, కోడెక్. హెచ్.264 వచ్చింది 2003లో. హెచ్‌ఈవీసీ, వీపీ9 వచ్చింది 2013లో, ఏవీ1 2018లో. యూట్యూబ్‌లో 4కె వచ్చేది వీపీ9 లేదా ఏవీ1లోనే. చవగ్గా దొరికే జీటీ 710, జీటీ 730 కార్డులకి హెచ్‌ఈవీసీ, వీపీ9 రెండూ రావు. "4 జీబీ ఉంది కదా" అని మెమరీ చూసి కొంటే డబ్బులు దండగ. జీటీ 1030 అయితే సుమారు 30 వాట్లతోనే రెండూ ఆడిస్తుంది, ఏవీ1 మాత్రం రాదు. ఏవీ1 కూడా కావాలంటే ఇంటెల్ ఆర్క్ ఏ310, ఏ380 లేదా ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 30 సిరీస్ నుంచి చూడండి. ఏఎమ్‌డీ ఆర్ఎక్స్ 6400 కొత్తదే అయినా దానికి ఏవీ1 లేదు, జాగ్రత్త.

రెండోది, పోర్టు. హెచ్‌డీఎంఐ 1.4లో 4కె సెకనుకి 30 ఫ్రేములే. 60 కావాలంటే 2.0 ఉండాలి. ఓటీటీల్లో 4కె రావాలంటే హెచ్‌డీసీపీ 2.2 కూడా కావాలి.

మూడోది, ఇప్పుడు మీ దగ్గరున్నది. ఇంటెల్ 7వ జనరేషన్ నుంచి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్సే హెచ్‌ఈవీసీ 10 బిట్, వీపీ9 ఆడిస్తుంది. డెస్క్‌టాప్‌లో 11వ జనరేషన్ నుంచి ఏవీ1 కూడా. మోడల్ నంబరు చివర ఎఫ్ ఉంటే మాత్రం లోపల గ్రాఫిక్స్ ఉండదు. బోర్డు మీద హెచ్‌డీఎంఐ పాతదైతే, డిస్‌ప్లేపోర్ట్ ఉందేమో చూడండి. యాక్టివ్ అడాప్టర్ పెడితే కార్డు లేకుండానే 60 ఫ్రేములు వస్తాయి.

కొనే ముందు ఒక పరీక్ష. యూట్యూబ్‌లో 4కె వీడియో పెట్టి, రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరవండి. డ్రాప్డ్ ఫ్రేమ్స్ పెరుగుతుంటే డీకోడింగ్ అందుకోవట్లేదన్నమాట. అవి పెరగకుండా గుండ్రంగా తిరుగుతూ ఉంటే తప్పు మీ ఇంటర్నెట్‌ది. ఏ కార్డు పెట్టినా అది మారదు. విండోస్ టాస్క్ మేనేజర్‌లో జీపీయూ కింద వీడియో డీకోడ్ గ్రాఫ్ కదులుతోందో లేదో కూడా చూడండి.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోల వాళ్ళకి ఒక మాట. మీ కెమెరా హెచ్‌ఈవీసీ 4:2:2 10 బిట్‌లో తీస్తుంటే లెక్క వేరు. ఎన్విడియాలో దానికి డీకోడర్ 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌లోనే ఉంది. ఇంటెల్ ఆర్క్‌లో, 11వ జనరేషన్ నుంచి వచ్చిన ఇంటెల్ గ్రాఫిక్స్‌లో అంతకుముందే ఉంది. అప్పు చేసి పాత సిరీస్‌లో పెద్ద కార్డు కొన్నా టైమ్‌లైన్ నత్తనడకే నడుస్తుంది.

మీ ప్రాసెసర్ మోడల్, బోర్డు మీదున్న పోర్టులు, టీవీ మోడల్, ఈ మూడూ కామెంట్‌లో రాయండి. కార్డు కావాలో అక్కర్లేదో అక్కడే చెప్తాను. ఉంటాను మరి.