దుక్కి ఉంటేనే వాన పనికొస్తుంది

కృష్ణా జిల్లా నందమూరులో 1895లో జన్మించిన కవిసామ్రాట్ విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ నవలను 29 రోజుల్లో ముగించారని ప్రసిద్ధి. ఆయన ఆశువుగా చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాశారు. అయితే అంతకు ముందు 15 ఏళ్ళకు పైగా పద్యాలు, పాటలు రాసి ఆరితేరిన కవి ఆయన.

‘శ్రీమద్రామాయణ కల్పవృక్షం’ ఆరు కాండలకు మాత్రం సుమారు 30 ఏళ్ళు పట్టింది. కళాశాలలో పాఠాలు చెబుతూనే దాన్ని సాగించారు. తెలుగుకు తొలి జ్ఞానపీఠం 1970 సంవత్సరానికి తెచ్చింది ఆ కావ్యమే.

29 రోజుల ముచ్చటే తలచుకొని, ఊపు రాలేదని కలం పక్కన పెట్టే యువకులు పల్లెల్లో ఎందరో. వాన మన చేతిలో లేదు, దుక్కి మన చేతిలోనే ఉంది. పనులు తెమిలాక రోజుకొక పుట రాసినా ఏడాదికి 365 పుటలు!