సంభాషణ సహాయక యాప్‌లు

సంభాషణ సహాయక యాప్‌లు అనగా మాట రాని, లేదా స్పష్టంగా పలుకలేని పిల్లలు తమ మనసులోని మాటను ఎదుటివారికి తెలుపుకొనేందుకు తోడ్పడే స్మార్ట్‌ఫోను, ట్యాబ్లెట్ అనువర్తనాలు. తెరపైనున్న బొమ్మను తాకితే దానికి సంబంధించిన మాటను ఫోను పైకి పలుకుతుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్ వంటి వికాస వైకల్యాలు గల పిల్లలకు ఇవి ఉపయోగపడతాయి. వీటి ఫలితం చాలావరకు పిల్లల సంరక్షకులు వాడే తీరుపై ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

బొమ్మల ద్వారా సంభాషించే పద్ధతి స్మార్ట్‌ఫోనుల కంటే పాతది. చార్లెస్ బ్లిస్ 1949లో ప్రచురించిన చిహ్నాల లిపిని 1971లో కెనడాలోని టొరంటోలో సెరిబ్రల్ పాల్సీ గల పిల్లలకు నేర్పడం మొదలుపెట్టారు. 1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ బొమ్మల కార్డులను చేతికి అందించి కోరిక తెలిపే 'పెక్స్' పద్ధతిని రూపొందించారు. మాటలు పలికే ప్రత్యేక యంత్రాలు కూడా వచ్చాయి గాని, వాటి ధర వేల డాలర్లలో ఉండేది.

2008లో ఆపిల్ యాప్ స్టోర్ ప్రారంభమైంది. మరుసటి సంవత్సరం నెదర్లాండ్స్‌కు చెందిన అసిస్టివ్‌వేర్ సంస్థ 'ప్రొలోక్వో టు గో' యాప్‌ను విడుదల చేసింది. 2010లో ఐప్యాడ్ రావడంతో పెద్ద తెర లభించి, వేలి కదలికపై పట్టు తక్కువగా ఉన్న పిల్లలకు సౌకర్యం కలిగింది. భారతదేశంలో చెన్నైకి చెందిన ఇన్వెన్షన్ ల్యాబ్స్ 'ఆవాజ్'ను మొదట ప్రత్యేక పరికరంగాను, తరువాత యాప్‌గాను రూపొందించింది. ఐఐటీ బొంబాయిలో రూపుదిద్దుకున్న 'జెల్లో' ఉచిత యాప్.

సంరక్షకుల పాత్ర

మాట వచ్చే పిల్లలు కూడా తొలి పలుకు పలికేముందు నెలల తరబడి ఇతరుల మాటలు వింటారు. అదేవిధంగా బొమ్మలతో మాట్లాడవలసిన పిల్లలు ఇతరులు బొమ్మలతో మాట్లాడటాన్ని చూడవలసి ఉంటుంది. కనుక అన్నం పెట్టేటప్పుడు తల్లి "ఇంకా కావాలా?" అని అడుగుతూ 'ఇంకా', 'కావాలి' అనే బొమ్మలను తానే తాకి చూపాలి. వెంటనే జవాబు చెప్పమని ఒత్తిడి చేయకుండా కొంతసేపు వేచి ఉండాలి. ఇతర ముఖ్య సూచనలు:

* వస్తువుల పేర్లతో పాటు 'వద్దు', 'ఆపు', 'నొప్పి', 'సహాయం' వంటి మాటలు తప్పక ఉండాలి. 'వద్దు' అన్నప్పుడు వీలైనంతవరకు మన్నించాలి. లేనిచో ఆ మాటకు విలువ లేదని పిల్లలు నేర్చుకుంటారు.
* బొమ్మల స్థానాలను తరచు మార్చరాదు. కొంతకాలానికి వేలికి ఆ స్థానం అలవాటవుతుంది.
* అల్లరి చేసినందుకు శిక్షగా పరికరాన్ని లాక్కోరాదు. అది ఆ పిల్లల గొంతు.
* ఛార్జింగు అయిపోయినపుడు వాడేందుకు అవే బొమ్మలను కాగితంపై ముద్రించి ఉంచుకోవాలి.

అపోహ

యాప్‌కు అలవాటుపడితే పిల్లలకు ఇక మాటలు రావని చాలామంది తల్లిదండ్రులు భయపడతారు. ఈ విషయంపై అమెరికాలో మిల్లర్, లైట్, ష్లోసర్ 2006లో ప్రచురించిన సమీక్షలో, నమ్మదగిన ఆధారాలున్న 27 మందిలో 89 శాతం మందికి మాటలు పెరిగాయి, 11 శాతం మందిలో మార్పు లేదు, ఎవరికీ తగ్గలేదు. పెరుగుదల చాలామందిలో స్వల్పమే. అయినప్పటికీ, మాట వచ్చేవరకు ఆగుదామని యాప్‌ను వాయిదా వేయడానికి ఆధారం లేదని ఇందువలన తెలుస్తుంది.

తెలుగులో ఇబ్బందులు

తొలి యాప్‌లు ఆంగ్ల వాక్యనిర్మాణాన్ని అనుసరించి తయారయ్యాయి. ఆంగ్లంలో 'కాదు' అనే అర్థమిచ్చే మాట విడిగా ఉంటుంది. తెలుగులో వ్యతిరేకార్థం క్రియలోనే ఇమిడిపోతుంది (తింటాను - తినను, వస్తాను - రాను). 'బడి' అనే ఒక్క బొమ్మ నుండి బడికి, బడిలో, బడినుండి అనే రూపాలు రావాలి. ఆంగ్లంలో 'ఆంటీ' అనే ఒక్క మాట ఉన్నచోట తెలుగు ఇంటికి అత్త, పిన్ని, పెద్దమ్మ వేర్వేరుగా కావాలి. అనేక యాప్‌లలో సొంత ఫొటోలు, సొంత గొంతు చేర్చుకునే వీలున్నందున ఇంట్లో వాడే మాటలనే నమోదు చేసుకోవచ్చును.

పరిమితులు

యాప్ దుకాణం నుండి తొలగితే దానిపై ఆధారపడిన పిల్లలకు కష్టం కలుగుతుంది. 2012 జూన్‌లో పేటెంటు వివాదం కారణంగా 'స్పీక్ ఫర్ యువర్‌సెల్ఫ్' అనే యాప్‌ను ఆపిల్ తన దుకాణం నుండి తొలగించగా, దానితోనే మాట్లాడే పిల్లల తల్లిదండ్రులు ఆందోళన చెందారు. తరువాత రాజీ కుదిరి అది తిరిగి అందుబాటులోకి వచ్చింది.

పెద్దలు పిల్లల చేయి పట్టుకొని అక్షరాలు తాకించే పద్ధతి దీనికి భిన్నమైనది. అందులో వచ్చే మాటలు పిల్లలవి కాక పట్టుకున్నవారివే అని పరీక్షలలో తేలింది. అమెరికా వాక్ చికిత్సకుల సంఘం 2018లో దానిని వాడరాదని ప్రకటించింది.

చట్టం

వికలాంగుల హక్కుల చట్టం, 2016 'సంభాషణ' నిర్వచనంలో మాటకు తోడుగాను, బదులుగాను వాడే ప్రత్యామ్నాయ విధానాలను చేర్చింది. జీతం తీసుకున్నా తీసుకోకపోయినా సేవ చేసే తల్లిదండ్రులు, కుటుంబసభ్యులు, ఇతరులు ఈ చట్టం ప్రకారం సంరక్షకులే. కనుక బొమ్మను తాకి చెప్పిన మాట కూడా చట్టం దృష్టిలో సంభాషణే.

ఇవి కూడా చూడండి

* ఆటిజం
* సెరిబ్రల్ పాల్సీ
* డౌన్ సిండ్రోమ్